శ్రీకారం చుట్టిన కాగితం

వెచ్చదనానికీ జ్వరానికీ భేదం ఉన్నదని నేను డెబ్బై రెండేళ్ళు నమ్మాను. భాషను నమ్ముకొని బ్రతికినవాడికి అది సహజమైన నమ్మకమే. ఎండలో నిలబడితే ఒళ్ళు వెచ్చబడుతుంది, వేడినీళ్ళ స్నానానికీ వెచ్చబడుతుంది. జ్వరం అట్లా కాదు. అది పేరు గల వ్యాధి. దానికి లక్షణాలున్నాయి, రాకపోకలున్నాయి. ఈ రెండు మాటల నడుమనున్న సందులోనుంచి ఒక మనిషి జారిపోయింది. ఆ సందును వెడల్పు చేసిన చెయ్యి నాది. వ్యాధి నెమ్మదించిందని వైద్యులు చెప్పి నెల దాటింది. కలం పట్టుకుంటే వ్రేళ్ళు మునుపటంత వణకడం లేదు. అందుకని ఇప్పుడు వ్రాస్తున్నాను.

కార్తికంలో ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ ఉండగా మెడకు కుడివైపున వ్రేలికి గడ్డ తగిలింది. రేగుపండంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు గనుక భయమూ లేకపోయింది. నా భార్య సుభద్ర మాత్రం దానిని రోజూ చూస్తూ వచ్చింది. నేను భోజనానికి కూర్చున్నప్పుడు ఆవిడ చూపు నా విస్తరి మీద కాక నా మెడ మీద ఉండేది. మూడు వారాలకు అది నిమ్మకాయంత అయింది. ముక్క తీసి పరీక్షించారు. గ్రంథులకు పట్టిన క్యాన్సర్ అన్నారు. మూడేసి వారాల ఎడంతో ఆరు విడతలుగా రక్తనాళంలోకి మందు ఎక్కించాలన్నారు. కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికుల పిల్లలకు ముప్పై ఆరేళ్ళు తెలుగు చెప్పిన నేను, ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒక్క మాట కూడా కూడదీసుకోలేకపోయాను. సుభద్ర నా చెయ్యి పట్టుకోలేదు. మందుల చీటీ ఉన్న సంచిని రెండు చేతులా పట్టుకొని కూర్చుంది.

మార్గశిరంలో మొదటి విడత. మందు ఎక్కించే గది నాలుగవ అంతస్తులో ఉండేది. ఎదురుగా కిటికీ, కిటికీ నిండా సముద్రం. రేవులో చోటు కోసం దూరాన లంగరు వేసుకొని ఐదారు ఓడలు నిలిచి ఉండేవి. ఏ ఓడకు ఎప్పుడు పిలుపు వస్తుందో ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలియదు. మరుసటిసారి వచ్చేసరికి కొన్ని ఉండవు. లోపల కుర్చీలూ అంతే. ఒక కుర్చీ ఖాళీగా కనబడితే, అందులో కూర్చున్నవారికి నయమైందో, మరేమైనా అయిందో, పక్కవారిని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. అందరమూ ఆ కుర్చీ వైపు కాక ఓడల వైపు చూసేవాళ్ళం.

మందు ఎక్కించడానికి ముందు కొత్త రోగులకూ, వారి మనుషులకూ అరగంట పాఠం ఉంటుంది. చెప్పేది అప్పలనరసమ్మ అనే నర్సు. చీపురుపల్లి వైపు రైతుల అమ్మాయి. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. "నా పేరూ నర్సమ్మే, నా పనీ నర్సమ్మే. పిలిచేటప్పుడు తడుముకోనక్కర్నేదు" అని మొదలుపెట్టి, ప్లాస్టిక్ కుర్చీలలో బిగుసుకొని కూర్చున్న వాళ్ళను కాస్త నవ్వించింది. ఆ తరువాత నవ్వు లేదు. ఈ మందు చెడ్డ కణాలతో పాటు, ఒంటికి కాపలా కాసే మంచి కణాలను కూడా చంపుతుందని చెప్పింది. వారం నుంచి రెండు వారాల దాకా ఒళ్ళు కాపలా లేని ఇల్లవుతుందనీ, ఆ రోజుల్లో కొంచెం ఒళ్ళు వెచ్చబడినా అది లోపల దొంగ పడ్డాడన్న గుర్తేననీ, గంటల్లో ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పింది. బిళ్ళ వేసుకొని వేడిని అణచుకోకూడదు. అణచుకుంటే గుర్తు పోతుంది, దొంగ పోడు. ముందు ఫోన్ చెయ్యాలి, వెంటనే బయలుదేరాలి. ఈ మాటలను మా అందరిచేతా తిరిగి చెప్పించింది. చిన్నపిల్లవాడిలాగా నేను అప్పజెప్పాను.

చివరికి ఒక కాగితం పంచింది. చేత్తో వ్రాసి నకళ్ళు తీసినది. అందులో ఇలా ఉంది: "మందు ఎక్కినాక ఒళ్లు ఎచ్చబడినా, సలేసినా ఇంటికాడ ఉండిపోకండి. మాత్ర ఏసుకోకండి. ముందు ఫోన్ సెయ్యండి."

మందు ఎక్కుతుండగా దానిని చదివాను. నా మెడలో గడ్డ ఉంది, నరంలో సూది ఉంది. అయినా ఆ కాగితం చదవగానే నాలోని ఉపాధ్యాయుడికి కోపం వచ్చింది. ఇంత ఆసుపత్రి, దాని పేరున వెలువడే పత్రం, అందులో ఈ భాషా? అదే అడిగాను.

"అది నా బాస కాదు మాస్టారూ. ఫోన్లో పేషెంట్లు నాతోటి ఏ మాట సెప్తారో ఆ మాటే రాసినాను" అంది నర్సమ్మ, సూది దగ్గర ప్లాస్టరు సరిచేస్తూ.

ఆ జవాబులో ఎంత విద్య ఉన్నదో అప్పుడు నాకు వినబడలేదు.

పుష్యమాసంలో రెండవ విడతకు వెళ్ళేనాటికి నా జుట్టు రాలిపోయింది. నోరంతా పుండ్లు. అన్నం వాసనకే వికారం. ఇంట్లో సుభద్రకూ నాకూ ఊరికే మాటలు పెరిగేవి. నన్ను చూడడానికి వచ్చిన పాత శిష్యులను ఆవిడ గేటు దగ్గరనే నిలబెట్టి, జలుబుందా, దగ్గుందా అని విచారించి వెనక్కి పంపేది. నా గౌరవం తీస్తున్నావన్నాను. "మీ గౌరవం సంగతి మీరు బాగుపడ్డాక చూసుకుందురుగాని" అంది. నిద్రపోతున్నానని తలచి ఆవిడ నా నుదుటి మీద చేతి వెనుకభాగం ఆనించి చూసుకునేది. నేను కళ్ళు తెరవకుండా పడుకునేవాణ్ణి. మేమిద్దరమూ ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఒకరోజు పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి, బత్తాయిలతో పాటు ఒక థర్మామీటరు కొనుక్కొని వచ్చింది. అది అవమానంగా తోచి, బీరువాలో పెట్టించాను.

చేతికి పని లేని ఆ రోజుల్లో నర్సమ్మ కాగితాన్ని ముందు పెట్టుకొని కూర్చున్నాను. రెండు రోజులు శ్రమించి దానిని తిరగ వ్రాశాను. అలవాటు కొద్దీ పైన శ్రీకారం చుట్టాను. "జ్వరము పొడసూపిన యెడల ఉపేక్ష వహింపక, స్వీయచికిత్సకు పూనుకొనక, తత్క్షణమే ఆసుపత్రికి వర్తమానము పంపవలెను." చదువుకుంటే నాకే ముచ్చట వేసింది. వ్యాధి మొదలైన తరువాత నేను సంతోషంగా గడిపిన రోజులు ఆ రెండే.

ఆసుపత్రిలో నర్సులందరికీ పైన ఉండే పెద్దావిడకు అది ఎంతో నచ్చింది. కంప్యూటరులో అచ్చు వేయించి, అంచున పూలతీగ పెట్టించి, చిరగకుండా లామినేషన్ కూడా చేయించింది. నర్సమ్మ దానిని రెండుసార్లు చదివింది.

"బాగుంది మాస్టారూ. కానీ ఇందులో ఎచ్చబడ్డం నేదు."

"వెచ్చబడటం వేరు, జ్వరం వేరు అమ్మా" అన్నాను.

"మందు పడ్డ ఒంటికి రెండూ ఒకటే."

నేను చిరునవ్వు నవ్వాను. తరగతిలో తప్పు చెప్పిన పిల్లను చూసి నవ్వే నవ్వు అది. ఆమె మరి మాట్లాడలేదు. ఆనాటినుంచి పాత కాగితం పోయి నా కాగితం వచ్చింది.

నూకరత్నం మాఘమాసంలో పరిచయమైంది. సముద్రపు ఒడ్డు పేట మనిషి. పెనిమిటి పోలయ్య వేటకు వెళ్ళేవాడు, ఈమె రేవు నుంచి చేపలు తెచ్చి గంపతో అమ్మేది. రొమ్ములో గడ్డ. నాకు మూడవ విడత, ఆమెకు మొదటిది. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా రెండు కుర్చీలు వదిలి, ఫ్యానుగాలి నా మీదినుంచి తన వైపు వీచేటట్లు చూసుకొని కూర్చుంది. ఎందుకమ్మా అంత దూరం అని అడిగాను.

"ఎంత తోమినా నా కాడ సేపల వాసన పోదు పంతులుగారండీ. మీకసలే కడుపులో తిప్పుతాది."

నాకు ఆ గదిలో జరిగిన మర్యాదలన్నిటిలోనూ అది పెద్దది. మరుసటిసారి ఆమె కొంగున కట్టుకొచ్చిన సొంఠికొమ్ము విరిచి ఇచ్చి, బుగ్గన పెట్టుకోమంది. వికారం నిజంగానే తగ్గింది. ఆమె జుట్టు రాలడం మొదలయ్యాక నా తలకేసి చూసి, "మీకేటి, ముందే సగం నేదు. ఊడిందని ఎవులు కనిపెడతారు? నట్టమంతా నాదే" అంది. నొప్పి పెడుతున్న నోటితో నవ్వాను.

ఆమె చేతికి ఆ కాగితం నేనే ఇచ్చాను. పంచుతున్న నర్సు చేతిలోనుంచి ఒకటి తీసుకొని, ఇది నేను వ్రాసినది, భద్రంగా ఉంచుకో అని చెప్పి మరీ ఇచ్చాను. నూకరత్నం అయిదవ తరగతి వరకు చదివింది. పైన ఉన్న శ్రీకారాన్ని వ్రేలితో చూపి "సీ" అని చదివింది. తరువాత కాగితాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది. ఆ దృశ్యం నాకు తృప్తినిచ్చిందని వ్రాయడానికి సిగ్గుపడుతున్నాను, అయినా వ్రాస్తున్నాను.

ఫాల్గుణంలో అయిదవ విడతకు వెళ్ళేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ రోజు ఓడలు ఏడున్నాయి. లెక్కపెట్టడం ముగించి మళ్ళీ మొదలుపెడుతుండగా పోలయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఏవో కాగితాల మీద సంతకానికి పిలిస్తే వచ్చాడట. అక్కడ వేలిముద్ర వేసి, నీలిసిరా అంటిన బొటనవ్రేలిని లుంగీకి తుడుచుకుంటూ ఇటు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

రెండవసారి మందు ఎక్కిన తొమ్మిదో రోజున ఆమెకు ఒళ్ళు వెచ్చబడిందట. మూడు రోజులు అలాగే ఉందట. వంట చేసింది, నీళ్ళు పట్టింది. ఆసుపత్రికి వెళదామా అని తాను అడిగాడట.

"జొరమొత్తే రమ్మన్నారు గానీ ఇది జొరం కాదు మావా, ఒల్లు ఎచ్చగుందంతే అన్నాది. జొరమంటే దుప్పటి కప్పీసి పడుకోడం గదా బాబూ మాకు. నాలుగో రోజు తెల్లారేసరికి మాట నేదు. ఇక్కడికి తెచ్చినాం. సాయంత్రానికి ఎల్లిపోయింది."

కాగితం చూసుకోలేదా అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"మీరు రాసిందా? అది దేవుడి కాడ ఎట్టేం గదండీ. పైన సీ ఉంది, లోన మంత్రాల్లాగ ఉంది. రోజూ పసుపూ కుంకం ఎట్టి దండం ఎట్టుకునీది. పంతులుగారు రాసిచ్చినారు, నాకేటి అవుద్ది అనీది."

తరువాత అతను చొక్కా లోపలినుంచి దానిని బయటకు తీశాడు. గుడ్డలో చుట్టి తెచ్చాడు. నన్ను ఒక సంగతి అడగడానికే వచ్చానన్నాడు.

"మడిసి ఎల్లిపోయినాక ఇది ఇంట్లో ఉంచుకోవచ్చా పంతులుగారండీ? సముద్రంలో కలిపీమంటారా?"

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నన్ను శాస్త్రం తెలిసినవాడిగా నమ్మి, పవిత్రమైన వస్తువును ఏం చెయ్యాలో అడుగుతున్నాడు. నాకు ఇవ్వమన్నాను. ఇచ్చి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. శ్రీకారం మీద కుంకుమ బొట్టు దట్టంగా ఉంది. రోజుకొక్కటి చొప్పున ఒకదాని మీద ఒకటి పెట్టి ఉంటుంది.

డాక్టరును పట్టుకొని అడిగాను, మూడు రోజులు ముందుగా వస్తే దక్కేదా అని. చెప్పలేమన్నాడు. దక్కేది కాదని అనలేదు. నర్సమ్మతో జరిగినదంతా చెప్పాను. తప్పు లేదని ఆమె అంటుందని ఎక్కడో ఆశపడి ఉంటాను. ఆమె అనలేదు.

"క్లాసులో నోటితో సెప్పింది ఇంటికెళ్ళేలోపు సగం మర్చిపోతారు మాస్టారూ. మిగిలేది కాయితమే. ఆ మాట నాకు తెలుసు. పెద్దవారు, రాసినారు కదా అని ఊరుకున్నాను. అది నా తప్పు" అని, నా చెయ్యి తీసుకొని నరం వెదకసాగింది. ఆనాడు మూడుసార్లు గుచ్చితేగాని నరం దొరకలేదు. ఆమె చేతికి అలా ఎన్నడూ జరగలేదు.

ఆ తరువాతి వారాలు ఎట్లా గడిచాయో విడదీసి చెప్పలేను. సాయంత్రాలు ఉక్కు కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడేది. ఏళ్ళ తరబడి చూస్తున్న ఎరుపే. అప్పుడు మాత్రం అది ఏదో కాగుతున్న గుర్తుగా, మా ఇంటివైపే వస్తున్నట్లుగా ఉండేది. బీరువాలోనుంచి థర్మామీటరు నేనే తీసి బల్లమీద పెట్టుకున్నాను. సుభద్ర చూసింది.

చైత్రంలో ఆరవది, ఆఖరి విడత. మందు ఎక్కిన పదవ రోజున మధ్యాహ్నం వేళ వాలుకుర్చీలో పడుకొని ఉండగా, చెవుల వెనుక వెచ్చగా తోచింది. ఎండ వల్లనే అనుకున్నాను. కుర్చీ నీడలోకి జరుపుకున్నాను. అరచేతులు వెచ్చగా ఉన్నాయి. ఇది జ్వరం కాదని నాకు తెలుసు; జ్వరానికి ఒళ్ళునొప్పి ఉండాలి, నాలుక చేదెక్కాలి, కళ్ళు మండాలి. ఏ ఒక్కటీ లేదు. ఊరికే ఒళ్ళు వెచ్చబడింది, అంతే. ఈ తర్కంతో నేను గంటసేపు గడిపాను. నూకరత్నం మూడు రోజులు గడిపిన తర్కమే ఇదని గంట తరువాత స్ఫురించింది. అప్పుడు నిజంగా భయం వేసింది.

థర్మామీటరు పెట్టుకున్నాను. తొంభైతొమ్మిది దాటింది, వందకు చేరలేదు. సుభద్ర వేడి తగ్గే బిళ్ళా, నీళ్ళూ పట్టుకొని వచ్చి నిలబడింది. పాఠం రోజున ఆవిడా నా పక్కనే కూర్చుంది, అన్నీ విన్నది. భయంలో చెయ్యి పాత అలవాటుకే వెళ్ళింది. నేను తల అడ్డంగా ఊపి ఫోన్ అందుకున్నాను. నర్సమ్మ పలికింది. చెప్పవలసిన వాక్యం కోసం వెదికాను. శరీరోష్ణం అని ఒక మాట వచ్చింది, గొంతులోనే ఆగింది.

"ఒళ్ళు ఎచ్చబడిందమ్మా" అన్నాను.

"మాత్ర ఏసుకున్నారా?"

"లేదు. ఇంకా వంద కాలేదు."

"వందయ్యేదాకా ఉండకండి. సుభద్రమ్మగారిని తీసుకొని ఇప్పుడే బయల్దేరండి. నాను కింద గేటుకాడుంటాను."

గాజువాక దాటేసరికి చలి పుట్టింది. ముందూ వెనుకా రేవుకు వెళ్ళే లారీలు. వాటి నడుమ ఆటో కదలదు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. సుభద్ర తన కొంగు నా చుట్టూ కప్పి, ఈసారి నా చెయ్యి పట్టుకుంది. ఆసుపత్రి చేరేసరికి నూటరెండు దాటింది. నర్సమ్మ గేటు దగ్గర చక్రాల కుర్చీతో నిలబడి ఉంది. ఆ తరువాత ఆరు రోజులు ఒంటరి గదిలో ఉంచారు. మొదటి రెండు రోజులు నాకు తెలియవు. మూడవరోజు కళ్ళు తెరిచి కిటికీకేసి చూశాను. సముద్రం మీద ఒక్క ఓడ ఉంది. అది కదులుతున్నదో నిలిచి ఉన్నదో తేల్చుకోలేక చాలాసేపు చూశాను. ఇంకొన్ని గంటలు ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదని నేను డాక్టరును అడగలేదు. ఈసారి ఆయనే చెప్పాడు.

ఇప్పుడు జ్యేష్ఠం. మళ్ళీ పరీక్ష ఆషాఢంలో. గడ్డ తిరిగి రాదని ఎవరూ మాట ఇవ్వలేదు. మెడ తడుముకోవడం మానుకోలేకపోతున్నాను. మధ్యాహ్నం పూట అరచేతులు వెచ్చబడితే లేచి థర్మామీటరు పెట్టుకుంటున్నాను, ఎండవల్లనే అని తెలిసి కూడా. పోలయ్య మళ్ళీ కనబడలేదు. అతని ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. కుంకుమ బొట్టు ఉన్న ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది. దానిని నీళ్ళలో కలపడానికి నాకు అధికారం లేదు.

ఆసుపత్రిలో నా కాగితం తీసివేయించాను. పాత కాగితం నకళ్ళు మసకబారిపోయాయి, ఒక మంచి ప్రతి వ్రాసి ఇమ్మని నర్సమ్మ అడిగింది. నిన్న కూర్చొని పెద్ద అక్షరాలతో వ్రాశాను. ‘ఎచ్చబడినా’ అన్నచోట కలం ఒకసారి ఆగింది. ఆగి, ఆ మాటను ఉన్నది ఉన్నట్లుగానే వ్రాసింది. మందు ఎక్కినాక ఒళ్లు ఎచ్చబడినా, సలేసినా ఇంటికాడ ఉండిపోకండి. మాత్ర ఏసుకోకండి. ముందు ఫోన్ సెయ్యండి.

పైన శ్రీ పెట్టలేదు.